కోదండపాణికి ఎర్ర రంగు

సరిహద్దు రాళ్ల శాఖలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేసిన కోదండపాణి, రిటైరైన మర్నాడు పొద్దున్నే రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారుగా మారి, కాకినాడ ఎన్జీవోల కాలనీలో తన ఇంటి పోర్టికోలో నిలబడి ఉన్నాడు. మారడంలో వింతేమీ లేదు. ఆ శాఖలో రిటైరైన మగ ఉద్యోగులందరూ తెల్లారేసరికి ఏదో ఒక బండిగా మారతారు. స్పోర్ట్స్ కారు కావడమే కాస్త కొత్త. పక్కింటి విరూపాక్షానికి మింగుడుపడనిది కూడా అదే.

శాఖ ఈ వ్యవహారాన్ని ఏనాడో క్రమబద్ధం చేసింది. రిటైరైన సాయంత్రం శాలువా, పూలదండ, గ్రూపు ఫొటో అయ్యాక తోటి ఉద్యోగులు ఆ మనిషిని ఊరేగింపుగా తీసుకెళ్లి ఇంటి దగ్గర దింపి వస్తారు. మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చి, ఇంటి ముందున్న బండిని చుట్టూ తిరిగి చూసి, అడుగు చట్రమైన చాసిస్ మీద నంబరు కొట్టి, భార్య చేత సంతకం పెట్టించుకుని, టీ తాగి వెళ్తాడు. ఎక్కువ మంది మోపెడ్లో స్కూటర్లో అవుతారు. ఒక ఆడిట్ అధికారి తోపుడు బండి అయితే, వాళ్లావిడ దాని మీద అరటిపళ్లు పెట్టుకుని అమ్ముతోంది. ఒక డివిజనల్ అధికారి రోడ్డు రోలరు అయ్యాడు గానీ, సొంత గేటులో పట్టక వీధిలోనే ఉండిపోయాడు. ఆడ ఉద్యోగులు మాత్రం మారరు. రిటైరైన మర్నాడు కూడా వాళ్లు వంట చేయాలి కాబట్టి శాఖ వాళ్లకు మినహాయింపు ఇచ్చింది.

మారిన బండి ఎప్పుడూ కొత్తగా ఉండదు. మనిషికెంత వయసో బండికీ అంతే వయసు. దానికి తోడు కాకినాడ సముద్రపు గాలి. అందుకని కుటుంబానికి రెండు దార్లు ఉంటాయి. తుక్కు కొట్టుకు ఇచ్చేయడం ఒకటి, ఇంటి దగ్గరే బాగుచేసుకోవడం ఒకటి. రెండో దాన్ని నిబంధనల్లో గృహ పునరుద్ధరణ అంటారు. అందులో ఇంజను మార్చుకోవచ్చు, సీట్లు మార్చుకోవచ్చు, ఇష్టమైన రంగు వేసుకోవచ్చు, ఇష్టం లేని భాగాలు తీసేయవచ్చు. చాసిస్ ఒక్కటి మాత్రం ముట్టుకోకూడదు. మనిషి ఉండేది చాసిస్‌లోనే అని శాఖ అభిప్రాయం. ఇన్ని వెసులుబాట్లు ఉన్నా నూటికి తొంభై మంది తుక్కుకే ఇస్తారు. నంబరు ప్లేటు విప్పి హాల్లో గోడకు తగిలించి దండ వేస్తారు.

విరూపాక్షం కూడా ఆ శాఖలోనే సీనియర్ అసిస్టెంటు. ఆఫీసులో కోదండపాణి ఎదురు బల్ల, కాలనీలో పక్క ఇల్లు. ఇద్దరికీ అక్కడ ఒక ఫ్యాను, ఇక్కడ ఒక ప్రహరీగోడ ఉమ్మడి. విరూపాక్షం ఏనాడూ ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లి ఎరగడు. కోదండపాణి ఏనాడూ వేళకు వచ్చి ఎరగడు. ఆయన బల్ల మీద ఫైలు కదలాలంటే తుఫాను రావాలని ఆఫీసులో చెప్పుకునేవారు. నిజంగా తుఫాను వచ్చినప్పుడు కిటికీ తెరిచి ఉంచి, రెండు ఫైళ్లు కదిలించారు కూడా. అలాంటి మనిషి స్పోర్ట్స్ కారు కావడమేమిటని విరూపాక్షానికి ఒళ్లంతా కారం పూసుకున్నట్టు ఉంది.

"జన్మలో ఒక్కసారైనా వేగంగా నడిచిన పాపాన పోయేడా వాడు?" అన్నాడు భార్య భ్రమరాంబతో. "బస్సు వెళ్లిపోతున్నా పరిగెత్తేవాడు కాదు. ఇంకో బస్సు రాదేంట్రా అనేవాడు."

"అందుకేనేమోనండి," అంది భ్రమరాంబ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. "వాడుకోని పరుగంతా లోపల అలాగే నిలవ ఉండిపోయిందేమో."

ఆ మాట సబబుగానే ఉండటంతో విరూపాక్షానికి ఇంకా మండింది. తను ఆ లెక్కన బస్సుల వెంట పరిగెత్తి, ఫైళ్ల వెంట పరిగెత్తి, పై అధికారుల వెంట గొడుగు పట్టుకుని పరిగెత్తి ఉన్నదంతా ఖర్చు పెట్టుకున్నవాడు. వచ్చే వేసవిలో తనూ రిటైరవుతాడు. అప్పుడు తన సంగతేమిటి?

అయినా అప్పటికింకా ఆయనకు ఒక ఆశ ఉంది. కారైతే అయ్యాడు గానీ, చివరికి తుక్కుకే గదా పోయేది అనుకున్నాడు. కోదండపాణి పరిస్థితి కూడా అలాగే ఉంది. అడుగున తుప్పు పట్టి రేకు బిస్కెట్టులా విరుగుతోంది. ఎడమ తలుపు ఊడి వేలాడుతోంది. సీటు దూదిలో ఎలుకలు కాపురం పెట్టాయి. తుక్కు కొట్టు మనిషి ట్రాలీ ఆటో వేసుకుని వచ్చి, గేటు దగ్గర బీడీ ముట్టించుకుని నిలబడ్డాడు. కోదండపాణి భార్య హైమావతి బయటికొచ్చి కొంగు బొడ్లో దోపుకుని, కారు ముందు భాగాన్ని చాలాసేపు చూసింది.

"వద్దులే నాయనా, నేనే బాగుచేసుకుంటాను," అంది.

గోడ ఇవతల విరూపాక్షం గుండె గతుక్కుమంది.

హైమావతికి అంతకుముందు మిక్సీ తప్ప మరో యంత్రం తెలియదు. కానీ ఆవిడకు ఒక పద్ధతి ఉంది. పాత చీరలు పోర్టికోలో పరిచి, విప్పిన భాగాన్ని విప్పిన వరసలోనే ఆ చీరల మీద పేర్చింది, మేడ మీద వడియాలు ఆరబెట్టినట్టు. ఏ బోల్టు ఎక్కడిదో కలిసిపోకుండా ఖాళీ ఆవకాయ జాడీల్లో వేసి, పైన గుడ్డ కట్టింది. తుప్పును ముందు మోటు ఎమ్రీ కాగితంతో, తర్వాత సన్న కాగితంతో గీకింది. సొట్టలకు లప్పం పెట్టింది. వారం తిరక్కుండా ఆవిడ చేతులు నల్లబడ్డాయి. ముఖం మాత్రం తేటపడింది. ఆ కాలనీలో ఆవిడ ముఖం అలా ఉండటం ఎవరూ చూసి ఉండలేదు.

విరూపాక్షాన్ని కాల్చుకు తిన్నది అది కూడా కాదు. ఆవిడ కారుతో మాట్లాడేది.

"ఏవండీ, ఇక్కడ గీకుతుంటే నొప్పిగా ఉందా?" అని అడిగేది. "ఇంకాస్త ఓర్చుకోండి. అయిపోవచ్చింది."

ఇన్నేళ్లుగా ఉమ్మడి గోడ మీంచి ఆ దంపతుల మాటలు విరూపాక్షానికి వినబడుతూనే ఉన్నాయి. అన్నం పెట్టేను, లైటు ఆర్పండి, ఈ రెండే. ఇప్పుడు పొద్దస్తమానం కబుర్లు. మెత్తటి పంచె గుడ్డను కొబ్బరినూనెలో ముంచి, బానెట్టు మీద గుండ్రంగా, నెమ్మదిగా, ఎవరో చిన్న పిల్లాడికి ఒళ్లు రుద్దుతున్నట్టు రుద్దేది. విరూపాక్షం కరివేపాకు కోసే నెపంతో గోడ దగ్గరికి వెళ్లి నిలబడేవాడు. అలా రోజూ కోసి కోసి చివరికి చెట్టుకు రెబ్బ మిగల్లేదు. అయినా వెళ్లి బోడి కొమ్మ పట్టుకుని నిలబడేవాడు. తన వీపు మీద ఎవరైనా చెయ్యి వేసి ఎంతకాలమైందో లెక్క కట్టబోయి, వద్దులే అనుకున్నాడు.

పైపని పూర్తయ్యాక హైమావతి లోపలి మార్పులకు దిగింది. కోదండపాణికి పొద్దున్నే దగ్గు ఉండేది. కారయ్యాక కూడా స్టార్టు చేయగానే ఖళ్లు ఖళ్లుమనేవాడు. ఆవిడ కార్బొరేటరు మార్పించి ఆ దగ్గు పోగొట్టింది. భోజనాల దగ్గర రాజకీయాలు మాట్లాడేవాడని పెద్ద సైలెన్సరు బిగించింది.

"ఎప్పుడు చూసినా మా రోజుల్లో, మా రోజుల్లో అనేవారు వదినా," అంది గోడ మీంచి భ్రమరాంబతో. "అంచేత రివర్సు గేరు తీయించేసేను. ఇప్పుడు ముందుకే వెళ్తారు."

"హాయి," అంది భ్రమరాంబ మనస్ఫూర్తిగా.

తర్వాత వెనక రెక్క వచ్చింది, వెడల్పాటి టైర్లు వచ్చాయి, దసరాకు ముందు ఎర్ర రంగు వచ్చింది. మామూలు ఎరుపు కాదు, వీధి చివరి నుంచే కళ్లలో పడే ఎరుపు. ఆయుధపూజ రోజున కాలనీ అంతా వచ్చి చూసింది. హైమావతి మొగుడి నుదుట, అంటే బానెట్టు మీద, పసుపు కుంకుమలు పెట్టి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ తిప్పి పగలగొట్టింది. దిష్టి తగలకుండా కారు వెనక చిన్న నల్ల చెప్పు కూడా కట్టింది. దాన్ని చూస్తే అది తన కోసమే కట్టినట్టు అనిపించి విరూపాక్షం తల తిప్పుకున్నాడు. నిజానికి ఆయన కోసమే కట్టింది.

అసూయ విరూపాక్షం ఒక్కడి సొత్తు కాదు. భ్రమరాంబకు కూడా హైమావతిని చూస్తే కళ్లు కుట్టేవి. హైమావతి ఇప్పుడు నల్లకళ్లద్దాలు పెట్టుకుని సాయంత్రాలు మొగుణ్ని వేసుకుని బీచి రోడ్డు మీద తిరిగి వస్తోంది. ఇన్నేళ్ల కాపురంలో మొగుడు ఆవిణ్ని బీచికి తీసుకెళ్లలేదు. ఇప్పుడు ఆవిడే ఆయన్ని తీసుకెళ్తోంది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ భ్రమరాంబ చెయ్యి ఆపి, భర్తను ఎగాదిగా చూసింది. ఆ చూపులో భుజాల కొలత, నడుం కొలత ఉన్నాయి.

"ఏవండీ, మీరేమవుతారంటారు?"

ఆవిడ తన గురించి ఒక ప్రశ్న అడిగి చాలా ఏళ్లయింది. విరూపాక్షం ముద్ద కలపడం ఆపాడు.

"చెప్పలేం గదా."

"స్కూటరైతే మాత్రం నావల్ల కాదండోయ్. ముందే చెప్తున్నాను, తర్వాత అనుకోవద్దు. కారైతే చూద్దాం. మంచి కారైతే హైమావతి వదిన చేసుకున్నదానికంటే బాగా చేసుకుంటాను."

ఇక విరూపాక్షానికి బతుకులో మిగిలిన పని ఒక్కటే. కారు కావాలి. కాకపోతే తుక్కు కొట్టు ట్రాలీ ఆటోయే గతి.

శాఖలో ఏ పని చేయాలన్నా అలాంటిదే పాత కేసు ఒకటి తీసి, దాని ప్రకారం నడుచుకోవడం ఆనవాయితీ. స్పోర్ట్స్ కారు విషయంలో ఉన్న పాత కేసు కోదండపాణి ఒక్కడే. కాబట్టి విరూపాక్షం ఆ కేసును అక్షరాలా అనుసరించాడు. ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లడం మొదలుపెట్టాడు. మొదటిరోజు కష్టమైంది గానీ తర్వాత అలవాటైంది. బస్సు కదిలిపోతుంటే నిలబడి చూసేవాడు. ఫైళ్లు బల్ల మీద పేరుకున్నాయి. మధ్యాహ్నం కోదండపాణి తినే వేరుశనగ ఉండలే తిన్నాడు, కోదండపాణి తీసే కునుకే తీశాడు. పొద్దున్నే లేచి అద్దం ముందు నిలబడి కోదండపాణి దగ్గు కూడా దగ్గి నేర్చుకున్నాడు. ఆలస్యానికి మెమో వస్తే, జీవితంలో మొదటి మెమో, దాన్ని ఇంటికి తెచ్చి భార్యకు చూపించాడు.

"పాణి అన్నయ్యగారికి ఎన్ని వచ్చేయో?" అంది భ్రమరాంబ.

చాలా వచ్చాయి. అది తలచుకుంటే మళ్లీ దిగులేసింది. అవతలివాడు సర్వీసంతా పరుగు దాచుకున్నాడు. తనకున్నది ఒక్క చలికాలం.

ఒక మధ్యాహ్నం హైమావతి బజారుకు వెళ్లినప్పుడు విరూపాక్షం ఆగలేక గేటు తీసుకుని పక్కింటి పోర్టికోలోకి వెళ్లాడు. జేబులో తాళంచెవి ఉంది. ఆ ఎర్ర రంగు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్క గీత గీద్దామనే వెళ్లాడు. తీరా దగ్గరికి వెళ్లాక, బానెట్టులో తన ముఖం కనిపించింది. తన బాత్రూం అద్దంలో కంటే అందంగా కనిపించింది. చెయ్యి రాలేదు. తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. కొత్త తోలు వాసన.

"ఏరా పాణీ," అన్నాడు. "ఎలా ఉందిరా?"

సైలెన్సరు పెద్దది కాబట్టి జవాబేమీ రాలేదు.

"నీకేంరా, మహారాజువి. పొద్దున లేస్తే నూనె, సాయంత్రం అయితే షికారు. మా ఆవిడ నా వంక చూడదు. నువ్వు అదృష్టవంతుడివిరా, ఒప్పుకుంటున్నాను. సుఖంగా ఉన్నావు గదా?"

కారు వైపర్లు కదిలాయి. వాన లేదు, అద్దం మీద చుక్క నీరు లేదు, బయట ఫెళ్లున ఎండ కాస్తోంది. వైపర్లు అటూ ఇటూ, అటూ ఇటూ, పొడి అద్దాన్ని తుడుస్తూనే ఉన్నాయి. మండుటెండలో వైపర్లు ఆడించడం ఒళ్లు కొవ్వెక్కి చేసే పని కాకపోతే ఏమిటని విరూపాక్షం అనుకున్నాడు. దిగి, తలుపు గట్టిగా వేసి వచ్చేశాడు.

సాయంత్రం ఈ సంగతి హైమావతితో చెప్పాడు, తను కూర్చున్న సంగతి తప్ప.

"మరేనండి అన్నయ్యగారూ," అందావిడ. "ఊరికూరికే కదులుతున్నాయి. నేను లేనప్పుడు మరీనూ. రేపు తీయించేస్తాను. వానాకాలం ఎలాగూ బయటికి తీయం గదా."

మర్నాడు తీయించేసింది. అద్దం ఇంకా శుభ్రంగా కనబడింది.

వేసవి వచ్చింది. విరూపాక్షం రిటైరయ్యాడు. శాలువా కప్పారు, దండ వేశారు, ఆయన క్రమశిక్షణ గురించి అందరూ పాత అలవాటు కొద్దీ మాట్లాడారు. ఇంటి దగ్గర దింపడానికి ఆఫీసు జీపు పాడై ఉండటంతో హైమావతిని అడిగారు. ఆవిడ ఉదారంగా ఒప్పుకుని స్వయంగా నడుపుకుంటూ వచ్చింది. అలా విరూపాక్షం మెళ్లో దండతో కోదండపాణిలో కూర్చుని, డప్పుల మధ్య, కాలనీ వరకు వచ్చాడు. దారి పొడుగునా జనం కారునే చూశారు. లోపల కూర్చున్నవాణ్ని ఒక్కరూ చూడలేదు. దిగేటప్పుడు కోదండపాణి తలుపు మీద చెయ్యి వేసి, "రేపు చూద్దువుగాని," అన్నాడు గుసగుసగా. ఆ రాత్రి మంచం మీద పడుకుంటే గోడకు తగులుతాడేమోనని పోర్టికోలో చాప వేసుకుని, తూర్పు వైపు బానెట్టు వచ్చేలా పడుకున్నాడు.

పొద్దున్నే భ్రమరాంబ తలంటుకుని, పట్టుచీర కట్టుకుని, పళ్లెంలో పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, హారతి కర్పూరం పెట్టుకుని తలుపు తీసింది. చాప మీద విరూపాక్షం కూర్చుని ఉన్నాడు. పంచె, బనీను, మెడలో వాడిన దండ.

"ఇంకా మీరేనా?" అంది భ్రమరాంబ.

విరూపాక్షం సిగ్గుతో చచ్చిపోయాడు. శాఖ పుట్టిన నాటి నుంచి ఇలాంటి అవమానం ఎవరికీ జరగలేదు. తోపుడు బండి అయినా ఒక బండే. చేతులు చూసుకున్నాడు, కాళ్లు చూసుకున్నాడు. ఎక్కడా ఒక్క బోల్టు లేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. విరూపాక్షం చుట్టూ ఒకసారి కుడివైపు నుంచి, ఒకసారి ఎడమవైపు నుంచి తిరిగాడు. వంగి కిందికి కూడా చూశాడు. తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"మగవాళ్లు మారకపోవడమన్నది నిబంధనల్లో లేదండి," అన్నాడు.

"మరెలాగండి?" అంది భ్రమరాంబ కంగారుగా.

"కంగారెందుకమ్మా. రిటైరైపోయేరు కాబట్టి మారినట్టే లెక్క. వాహనం రకం అన్నచోట, తదుపరి ఉత్తర్వుల వరకు మనిషి ఆకారం అని రాస్తాను. మిగతాదంతా మామూలే."

చాసిస్ ఎక్కడుందో తేలక, బనీను పైకెత్తి వీపు మీద రబ్బరు స్టాంపుతో నంబరు వేశాడు. చల్లగా తగిలింది. టీ తాగి, కలం విప్పాడు.

"తుక్కుకా, పునరుద్ధరణకా?"

తుక్కు కొట్టు మనిషి అప్పటికే గేటు దగ్గర ట్రాలీ ఆటో ఆపుకుని, తలపాగా విప్పి కట్టుకుంటున్నాడు. విరూపాక్షం భార్య ముఖం వంకే చూస్తున్నాడు. కాపురానికి వచ్చిన కొత్తలో తప్ప అంత ఆత్రంగా ఆ ముఖంలోకి ఆయన ఎప్పుడూ చూడలేదు. ఏదైనా చెప్పాలనిపించింది. చెప్పడానికి ఆయన దగ్గర ఒక్క మెమో తప్ప ఏమీ లేదు. భ్రమరాంబ పెదవి విరిచింది, నిట్టూర్చింది, ట్రాలీ ఆటో వైపు చూసింది. తర్వాత ఆవిడ చూపు గోడ మీంచి పక్కింట్లోకి పోయింది. అక్కడ హైమావతి నల్లకళ్లద్దాలు పెట్టుకుని, ఎర్రటి బానెట్టు మీద మోచెయ్యి ఆనించి, జాలిగా ఇటే చూస్తోంది.

ఆ జాలి భ్రమరాంబకు గిట్టలేదు.

"బాగుచేసుకుంటానండి," అంది గట్టిగా, పక్కింటికి వినబడేలా. "కొందరికి తయారుగా కారే దొరుకుతుంది, వాళ్లదేముంది. మొదటి నుంచి చేసుకుంటేనే గదా గొప్ప."

సంతకం పెట్టింది. తుక్కు కొట్టు మనిషి ట్రాలీ తిప్పుకుని వెళ్లిపోయాడు. విరూపాక్షానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషంతోనే.

ఆ మధ్యాహ్నమే పని మొదలైంది. భ్రమరాంబ పట్టుచీర విప్పి పాత చీర కట్టుకుని, పోర్టికోలో మరో పాత చీర పరిచి, భర్తను దాని మీద నిలబెట్టింది. తీయాల్సినవి ముందే అనుకుని పెట్టుకుంది. గురక, దగ్గు, కూరలో ఉప్పు చూసి పెదవి విరిచే అలవాటు. ఉంచాల్సినవి ఇంకా ఆలోచించుకోలేదు.

"మోటు కాగితం ముందు, సన్నది తర్వాత గదూ వదినా?" అని గోడ మీంచి అడిగింది.

"మరే. లోపలి రేకు కనబడేదాకా గీకాలి. మొహమాటపడితే రంగు నిలవదు," అంది హైమావతి.

భ్రమరాంబ ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. తుప్పు మోకాళ్ల దగ్గరే ఎక్కువగా ఉన్నట్టు కనబడింది. ఎడమ చేత్తో పిక్కను గట్టిగా పట్టుకుని, కుడి మోకాలి మీద ఎమ్రీ కాగితం పెట్టి గీకడం మొదలుపెట్టింది. ముందు దురదగా ఉంది. తర్వాత మండింది. తర్వాత సన్నగా ఎర్రటి తడి కనబడింది.

"ఎరుపు మనకు లోపలే ఉందండోయ్!" అంది భ్రమరాంబ సంబరంగా. గీకిన చోట అరచేత్తో తడిమి, నునుపు చూసుకుని, నోటితో ఉఫ్ అని పొడి ఊదింది. ఆ ఊపిరి వెచ్చగా తగిలింది. విరూపాక్షం పళ్లు బిగబట్టాడు. ఇక చాలు, ఆపు అని చెబుదామని నోరు తెరిచాడు.

సరిగ్గా అప్పుడే గేటు ముందు సైకిలు ఆగింది. శాఖలో ఆయన తర్వాత రిటైరవ్వాల్సిన పద్మనాభం, నిన్నటి గ్రూపు ఫొటో ఇవ్వడానికి వచ్చినవాడు, సైకిలు దిగడం మరిచిపోయి ఒక కాలు నేల మీద ఆనించి అలాగే ఉండిపోయాడు. పోర్టికోలో పరిచిన చీరను చూశాడు. మొగుడి కాలు పట్టుకుని చెమటలు కక్కుతున్న ఇల్లాలిని చూశాడు. విరూపాక్షం ముఖంలోకి ఒక చూపు చూశాడు. ఆ చూపేమిటో విరూపాక్షానికి ఎవరూ చెప్పక్కర్లేదు, ఇన్నాళ్లూ గోడ మీంచి తను పక్కింటి వైపు చూసిన చూపే అది. జీవితంలో మొదటిసారి తన వైపు ఒకరు అలా చూశారు.

విరూపాక్షం నోరు మూసుకున్నాడు. వీపు నిటారుగా నిలబెట్టి, రెండో మోకాలు కూడా ముందుకు జరిపాడు.